భూకంపానికి క్షమాపణ

మా కింది వాటాలో ఉండే పెద్దమనిషి చేత నేనొకసారి భూకంపానికి క్షమాపణ చెప్పించాను. గొప్పగా చెప్పుకోవాల్సిన విషయం కాదని నాకూ తెలుసు. అందులోనూ నేను ఇరవై రెండేళ్లుగా ఆడపిల్లల బడిలో భూకంపాల పాఠం చెబుతున్న సోషల్ టీచర్ని. ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు చెబుతాను.

మేముండేది మల్కాజ్‌గిరిలో. పైవాటాలో మా ఆయనా నేనూ ఉంటాం. ఆయన రైల్వేలో క్లర్కు. నా బడి మారేడ్‌పల్లిలో. కింది వాటా, ఇంటి ముందున్న రేకుల షెడ్డు భాయ్‌వి. ఆ వీధిలో చిన్నా పెద్దా అందరూ ఆయన్ని భాయ్ అనే పిలుస్తారు. అరవై దాటాయి, ఇప్పటికీ ఒంటి చేత్తో గ్రానైట్ పలక మూల ఎత్తి పట్టుకోగలరు. వంటగట్లకు, మెట్లకు, గుమ్మాలకు రాయి కోసి, పాలిష్ పట్టి అమ్ముతారు.

ఆ రాయి కోసే మిషన్ తిరిగితే పైన మా ఇంట్లో గిన్నెలు సన్నగా వణుకుతాయి. చేరిన కొత్తలో దాని గురించి రెండు మూడుసార్లు మాటా మాటా అనుకున్నాక ఒక ఒప్పందానికి వచ్చాం. పొద్దున తొమ్మిది కొట్టేదాకా ఆయన మిషన్ ముట్టుకోకూడదు. తొమ్మిదికి ముందే మేమిద్దరం బయటపడతాం కాబట్టి ఆ తర్వాత ఆయనిష్టం. ఆరేళ్లుగా భాయ్ ఒక్కరోజు కూడా ఆ మాట తప్పలేదు.

ఇక నా పాఠం. తొమ్మిదో తరగతిలో శిలావరణం అని వస్తుంది. భూమి పైనుండే గట్టి పొర. అది ఒకే ముక్క కాదు, పెద్ద పెద్ద పలకలుగా విడిపోయి ఉంటుంది. ఆ పలకలు ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున, మన చేతి గోళ్లు పెరిగినంత నింపాదిగా జరుగుతుంటాయి. మనమున్న పలక ఎక్కడో దక్షిణాన బయల్దేరి వచ్చి ఆసియాను గుద్దుకోబట్టే హిమాలయాలు లేచాయి. ఇదంతా పుస్తకంలో ఉన్నదే. చివర్లో మాత్రం నేను సొంతంగా ఒక ముక్క కలిపేదాన్ని. "మనం అదృష్టవంతులం పిల్లలూ. మన దక్కన్ పీఠభూమి ముసలి రాయి. ఇది కదలదు, మెదలదు." పుస్తకంలో ఉన్నది భూకంపాలు తక్కువ అని. ఆ 'తక్కువ' నా నోట్లో 'లేవు'గా ఎప్పుడు మారిపోయిందో నాకే గుర్తులేదు. అడిగేవాళ్లు లేకపోతే టీచర్లకు ఇలాంటివి జరుగుతుంటాయి.

ఆ రోజు పొద్దున ఇంకా ఏడున్నర కాలేదు. ఉప్మాకి పోసిన ఎసరు మరుగుతోంది. ఉన్నట్టుండి స్టాండులో పళ్లేలు గలగలమన్నాయి. గోడకున్న చర్చి క్యాలెండరు మేకు మీద అటూ ఇటూ ఊగింది. నా కాళ్ల కింద నేల కొంచెం జరిగి మళ్లీ వెనక్కి వచ్చినట్టయింది. అంతా నాలుగైదు క్షణాలు. ముందు బీపీ అనుకున్నాను. పళ్లేలకు బీపీ ఉండదు కదా అని వెంటనే తోచింది. అప్పుడు అసలు సంగతి అర్థమైంది, అంటే అర్థమైందనుకున్నాను. భాయ్ మాట తప్పారు!

ఆరేళ్ల నమ్మకం పోయిందన్న కోపంతో నేను నైటీ మీద తువ్వాలు కప్పుకుని, చేతిలో గరిటెతోనే మెట్లు దిగాను.

భాయ్ షెడ్డు ముందు నిలబడి ఉన్నారు. ఒక చేతిలో చాయ్ సాసర్ ఉంది. గోడకు ఆనించిన గ్రానైట్ పలకల వైపు రెప్ప వేయకుండా చూస్తున్నారు.

"ఏంటి భాయ్ ఇది? ఇంకా ఏడున్నర కూడా కాలేదు. మనం ఏమనుకున్నాం?"

"ఏమైంది మేడమ్?"

"మిషన్ ఎందుకు వేశారు?"

"మిషిన్ నేనేడ ఏసిన మేడమ్? జూడుండ్రి, ప్లగ్గు సుత పెట్టలే."

చూశాను. ప్లగ్గు నిజంగానే వైరుతో సహా కొక్కేనికి వేలాడుతోంది. ఆ కాస్త సాక్ష్యానికి వెనక్కి తగ్గే మనిషిని కాను నేను.

"మరి మా ఇంట్లో గిన్నెలెందుకు కదిలాయి?"

భాయ్ సాసర్ పక్కన పెట్టి మెల్లగా అన్నారు. "భూమి కదిలింది మేడమ్."

నాకు నవ్వొచ్చింది. జాలి కూడా కలిగింది. "భూమా?"

"అవు. నలబై ఏండ్లాయె రాయితోని బతుకవట్టి. మిషిన్ అదురుడు వేరే, ఇది వేరే. ఇది నేల కిందికెల్లి వచ్చింది. గా పలకలన్ని చలికి పండ్లు కొట్టుకున్నట్టు టకటకమన్నయ్."

ఇక్కడ నేనొక మాట అన్నాను. ఇప్పటికీ అది గుర్తొస్తే బస్సులో నలుగురి మధ్య కూచుని ఉన్నా మొహం తిప్పుకుంటాను.

"భాయ్, మీకు తెలిసింది రాయిని కోయడం. రాయి గురించి నాకు తెలుసు."

అక్కడితో ఆగలేదు. గరిటెతో నేలను చూపిస్తూ పాఠం అందుకున్నాను. మనం నిలబడ్డది రెండు వందల యాభై కోట్ల ఏళ్ల నాటి రాయి మీద అని, పలకల అంచులు ఇక్కడికి ఎంతో దూరమని, ఇక్కడ భూకంపం రావడానికి వీల్లేదని చెప్పాను. "కాబట్టి మీరు మిషన్ వేశారు. నేను మెట్లు దిగే చప్పుడు విని తీసేశారు" అని తేల్చేశాను.

చప్పుడుకు వాళ్లావిడ గుమ్మంలోకి వచ్చింది. "ఏమైందంట?"

"ఏం లే. నువ్ లోపటికి పో" అన్నారు భాయ్. తర్వాత నా గరిటె వైపు చూశారు, తువ్వాలు వైపు చూశారు. మనిషి మొహంలో కోపమనేదే లేదు. రెండు చేతులూ కొంచెం ఎత్తి, "సరే మేడమ్. తప్పైంది. మాఫ్ జెయ్యుండ్రి. ఇగ గిట్ల గానియ్య" అన్నారు.

అంటే, మరోసారి భూకంపం రానివ్వనని మాటిచ్చారన్నమాట. నేను పెద్దమనసుతో తలూపి పైకి వచ్చేశాను.

వచ్చేసరికి మా ఆయన చెంపకు సబ్బు నురగతో టీవీ ముందు నిలబడి ఉన్నారు. తెర కింద అక్షరాలు పరిగెడుతున్నాయి. గోదావరి వైపు ఎక్కడో భూకంపం, నగరంలో పలుచోట్ల స్వల్ప ప్రకంపనలు.

గరిటె కిందికి దించి ఆయన్ని అడిగాను. "మీకు తెలిసిందా?"

"తెలియకేం. గడ్డం గీసుకుంటుంటే అద్దం కదిలింది. భూకంపమేమో అనుకున్నా."

"మరి చెప్పొద్దూ?"

"నువ్వు గరిటె పట్టుకుని అంత జోరుగా పోతుంటే ఎదురొచ్చి ఎవరు చెప్తారు?" అన్నారాయన.

ఉప్మా ఎసరంతా ఇగిరిపోయి గిన్నె మాడింది. బడికి బయల్దేరాలంటే భాయ్ షెడ్డు ముందు నుంచే పోవాలి. ఫోన్ చెవికి ఆనించుకుని, అవతల ఎవరో ఉన్నట్టు "ఆఁ... ఆఁ... అలాగే" అనుకుంటూ గేటు దాటాను. సరిగ్గా గేటు దగ్గర ఆ ఫోన్ నిజంగానే మోగింది. పక్కకు చూడకుండా నడక పెంచాను.

బడిలో అడుగు పెట్టగానే తొమ్మిదో తరగతి పిల్లలు చుట్టుముట్టారు. పాఠం చెప్పి పది రోజులు కూడా కాలేదు. "కదలదు, మెదలదు" అన్నానని ఎవరైనా నిలదీస్తారని భయపడుతూ వచ్చాను. వాళ్లకు ఆ ధ్యాసే లేదు. నా పాఠం ఎంత శ్రద్ధగా విన్నారో అప్పుడు తెలిసింది. వాళ్లు అడిగింది వేరు.

"టీచర్, మీకు వెంటనే తెలిసిపోయిందా?"

లేదమ్మా అని ఒక్క ముక్క అంటే అయిపోయేది. అన్ని కళ్లు అంత నమ్మకంగా చూస్తుంటే నోరు దాని పని అది చేసుకుపోయింది. "తెలియకేం!"

"ఏం చేశారు టీచర్?"

"గిన్నెలు కదలగానే ఒక్క క్షణం ఆలస్యం చేయలేదు. చేతిలో గరిటె కూడా పక్కన పెట్టలేదు. మెట్లు దిగి కింది వాటా వాళ్ల దగ్గరికి పరుగెత్తాను."

"వాళ్లేం చేస్తున్నారు?"

"చాయ్ తాగుతున్నారు."

"అయ్యో! అప్పుడు మీరు?"

"రాళ్ల గురించి, పలకల గురించి వాళ్లకు వివరంగా చెప్పాను."

ఆ 'తెలియకేం' తప్ప, విడివిడిగా చూస్తే ఇందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. కలిపి చూస్తే ఒక్క మాట కూడా నిజం కాదు. అంత చక్కగా అమర్చగలనని నాకే తెలియదు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లు హెడ్‌మిస్ట్రెస్ గారికి వినిపించాయి. ఆవిడ మరునాటి అసెంబ్లీలో నన్ను ముందుకు పిలిచి అదంతా మళ్లీ చెప్పించారు. ఈసారి నేను మెట్లు రెండేసి చొప్పున దిగాను. అప్పటికప్పుడే నన్ను ప్రమాద జాగ్రత్తలకు ఇన్‌చార్జిని చేసి, మెడలో ఒక విజిల్ వేశారు. మా బడిలో ఓ పిల్ల తల్లి మా చర్చికే వస్తుంది. ఇంకేం, ఆదివారానికల్లా సంగతి సీతాఫల్‌మండిలో ఉన్న ఆ చర్చికి చేరింది. పాస్టరు గారు ప్రసంగం మధ్యలో నా వైపు చెయ్యి చూపించి, మెలకువగా ఉండి పొరుగువారిని హెచ్చరించిన సహోదరి అన్నారు. మా ఆయన పక్క వరుసలో కూచుని పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన భుజాలు కదులుతున్నాయి. చూసినవాళ్లు ఏడుస్తున్నారనుకుని ఉంటారు.

ఆ మధ్యాహ్నమే స్త్రీల సమాజంలో నా ఉపన్యాసం. భూమి పై పొర పలకలుగా ఉంటుందని మొదలుపెట్టగానే ముందు వరుసలోని పెద్దావిడ చెయ్యెత్తారు.

"రాసుకునే పలకలా అమ్మా?"

"కాదండీ. ఇంగ్లీషులో ప్లేట్లు అంటారు."

"అన్నం తినేవా?"

"అలాంటివి కాదండీ. ఒక్కోటి ఇంచుమించు వంద కిలోమీటర్ల మందం ఉంటుంది."

ఆవిడ కాసేపు ఆలోచించి, "కడుక్కోవడం కష్టమే" అన్నారు.

ఇంత గౌరవం జరుగుతున్నా నాకు ఇంటికి పోవాలంటే ప్రాణం మీదికి వచ్చేది. ఎందుకంటే భాయ్ ఆ సంగతి ఎత్తలేదు. వాళ్లింట్లోనూ టీవీ ఉంది. వీధంతా వారం రోజులు ఆ భూకంపం గురించే మాట్లాడుకున్నారు. ఎదురుపడ్డప్పుడు ఆయన, "చూశిండ్రా మేడమ్, నేను జెప్పలే?" అని ఒక్క ముక్క అంటే నేను తల వంచుకుని సారీ చెప్పేసేదాన్ని. ఆయన ఎప్పటిలాగే "సలామ్ మేడమ్, మంచిగున్నరా?" అనేవారు, అంతే. పైగా వాళ్లావిడ ఒకరోజు మెట్ల దగ్గర చెప్పింది. "మీకు తక్లీఫ్ అయితుందని ఇప్పుడు తొమ్మిదిన్నరకు గాని మిషిన్ షురూ చేస్తలేడు మేడమ్." చేయని తప్పుకు ఆయన తనకు తాను అరగంట శిక్ష వేసుకున్నారు. ఆ మాట విన్న రోజు నాకు అన్నం సహించలేదు.

ఎలాగైనా చెప్పేద్దామని ఒక ఆదివారం ప్రార్థన నుంచి వస్తూ ఫ్రూట్ కేక్ కొని నేరుగా షెడ్డు దగ్గరికి వెళ్లాను.

"భాయ్, మొన్నటి సంగతి..."

"ఏ సంగతి మేడమ్?" ఆయన మొహం ఎంత తేటగా ఉందంటే, నా మాట అక్కడే దారి మార్చుకుంది.

"అదే... మా వంటగట్టు సింకు దగ్గర కొంచెం కారుతోంది" అన్నాను.

భాయ్ ఆ మధ్యాహ్నమే పనిముట్లు తెచ్చుకుని వచ్చారు. సింకు కింద వెల్లకిలా పడుకుని, టార్చి వేసుకుని, గంటసేపు ఆ కారడం కోసం వెతికారు. ఎక్కడా కారడం లేదు, కారదు కూడా. చివరకు నాకే తోచక, ఆయన చూడకుండా ఓ చెంబు నీళ్లు సింకు అంచున పోశాను. "ఆఁ, దొర్కింది మేడమ్!" అని ఆయన సంతోషంగా అక్కడ తెల్ల సిమెంటు పూసి, కేక్ పెడితే ఒక ముక్క తిని వెళ్లిపోయారు. తప్పు ఒప్పుకోవడానికి వెళ్లి ఇంకో తప్పు చేసి వచ్చిన మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఇలా నెల గడిచింది. బడి సైన్సు ల్యాబులో పాత గట్టు పగిలిపోతే కొత్త గ్రానైటు వేయించాలనుకున్నారు. హెడ్‌మిస్ట్రెస్ గారు ఎవరినో అడిగితే, ఆ ఎవరో భాయ్ నంబరిచ్చారు. నాకిదేమీ తెలియదు. ఒకరోజు మూడో పీరియడ్‌లో ఆయా వచ్చి, "తొమ్మిదో తరగతిని తీసుకుని ల్యాబుకు రమ్మంటున్నారు" అని చెప్పింది. వెళ్లి చూస్తే, కొత్తగా వేసిన గట్టు పక్కన చేతులు తుడుచుకుంటూ భాయ్.

హెడ్‌మిస్ట్రెస్ గారు ఉత్సాహంగా ఉన్నారు. "పిల్లలూ, రాళ్ల గురించి పుస్తకంలో చదివారు. ఇవాళ రాయితో పనిచేసే మనిషి నోట వినండి."

భాయ్ మొదట సిగ్గుపడ్డారు. గట్టు మీద చెయ్యి వేయగానే ఆ సిగ్గు పోయింది. "జూడుండ్రి బిడ్డా. దూరంకెల్లి ఒక్కటే రంగు కొడ్తది. దగ్గరికొస్తె మూడు తీర్లుంటది. గీ గులాబి రంగు చూశిండ్రా? గీ తెల్లది అద్దమసొంటిది. గీ నల్ల చుక్కలు మెత్తగుంటయ్, కోసేటప్పుడు గివే ముందుగాల రాల్తయ్." నేను రెండు పీరియడ్లు తీసుకునే పాఠం ఆయన రెండు నిమిషాల్లో చేత్తో తాకించి చెప్పేశారు. పిల్లలు గట్టు మీద పడి ఒక్కో గింజను వేలితో తడుముతున్నారు.

అప్పుడు ఒక పిల్ల అడిగింది. "అంకుల్, మీరు ఎక్కడుంటారు?"

"మల్కాజ్‌గిరిల బిడ్డా. మీ మేడమ్ వాళ్ల కిందనే."

గట్టును తడుముతున్న వేళ్లన్నీ ఆగాయి. తర్వాత ముగ్గురు నలుగురు కలిసి అరిచారు. "అయితే మా టీచర్ కాపాడింది మిమ్మల్నేనా?"

భాయ్ నా వైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను. కిటికీలో చూడ్డానికి ఏమీ లేదు.

"అవు బిడ్డా" అన్నారు భాయ్. "మేడమ్ ఉరికొచ్చిండ్రు."

"మీకు భూకంపమని తెలియలేదా అంకుల్?"

ఆయన గట్టు మీద లేని దుమ్మును అరచేత్తో తుడిచారు. "మాకేమెరుక బిడ్డా. సదువుకోనోళ్లం. మేడమ్ జెప్తెనే తెలిసింది."

పిల్లలందరూ మెచ్చుకోలుగా నా వైపు తిరిగారు. హెడ్‌మిస్ట్రెస్ గారు నవ్వుతూ తలూపారు. నన్ను ఆయన నలుగురిలో తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. ఆ వయసు మనిషి, నలభై ఏళ్ల అనుభవమున్న మనిషి, నా పరువు కోసం తనను తాను ఏమీ తెలియనివాణ్ని చేసుకుంటుంటే మాత్రం నిలబడలేకపోయాను.

"కాదు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "అబద్ధం. నేను ఆయన్ని కాపాడలేదు. భూకంపమని నాకు తెలియనే లేదు. ఆయనకే తెలిసింది. భూమి కదిలిందని నాకు చెప్పారు కూడా. నేనే నమ్మలేదు. మిషన్ వేసి గిన్నెలు కదిలించారని పోట్లాడాను. ఆయన చేత క్షమాపణ చెప్పించుకున్నాను."

వెనక బల్ల దగ్గర నిలబడ్డ పిల్ల ఒకతె, ఎప్పుడూ నోరు విప్పనిది, నిదానంగా అడిగింది. "అంటే టీచర్... భూకంపం వచ్చినందుకు అంకుల్ సారీ చెప్పారా?"

"చెప్పారమ్మా."

ముందు ఆ పిల్లే నవ్వింది. ఆ తర్వాత ల్యాబంతా నవ్వింది. హెడ్‌మిస్ట్రెస్ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగారు. నేను భాయ్‌కి రెండు చేతులూ జోడించాను. "భాయ్, నన్ను క్షమించండి. ఆ రోజు తప్పు నాది. సింకు కూడా కారలేదు."

"సింక్‌ది నాకు తెల్సు మేడమ్" అన్నారాయన. "మీరు నీళ్లు పోసుడు కిటికీ అద్దంల కనవడ్డది." తర్వాత మీసం సవరించుకుని, "మీరు మాఫీ అడిగిండ్రంటె ఇగ నేను జెప్పిన సారీ నాకు వాపస్ ఇచ్చెయ్యాలె గద" అన్నారు.

ఇచ్చేశాను. పిల్లలందరూ సాక్ష్యం.

ఆ గోల సద్దుమణిగాక ఒక పిల్ల అసలైన ప్రశ్న వేసింది. మన ఊరు పలక అంచున లేదు కదా, నడుమ ఉన్న రాయి ఎందుకు కదిలింది? నాకు తెలిసినంత చెప్పాను. మన పలక ఇప్పటికీ ఉత్తరాన ఆసియాను తోస్తూనే ఉంది, ఆ ఒత్తిడి అంచు దగ్గరే ఆగదు, లోపలికీ వస్తుంది, ముసలి రాయిలోనూ ఎప్పటివో పగుళ్లుంటాయి, ఒత్తిడి పెరిగినప్పుడు అవి కాస్త జరుగుతాయి. కొందరికి ఎక్కినట్టు లేదు.

భాయ్ అందుకున్నారు. "గంతే గద మేడమ్. పలక మూలకు దెబ్బ తగుల్తది. మూలకు ఏం గాదు. నడుమల పాత పర్రె, గదే మీరన్న పగులు, ఉంటె ఆడ్నే ఇచ్చుకుంటది. గందుకే కొనేటప్పుడు మేము వేలుతోని కొట్టి చప్పుడు ఇంటం." ఆయన గట్టు మీద వేలితో కొట్టి చూపించారు. పిల్లలందరూ గట్టుకు చెవులు ఆనించారు. నేనూ ఆనించాను.

వాళ్లు వెళ్లిపోయాక హెడ్‌మిస్ట్రెస్ గారి ముందు విజిల్ తీసి పెట్టాను. ఆవిడ దాన్ని మళ్లీ నా వైపు జరిపారు. "ఉంచుకోండి. కానీ ఊదే ముందు కింది వాటాలో ఒకసారి కనుక్కోండి."

చర్చిలో చెప్పడం ఇంకా కష్టమైంది. స్త్రీల సమాజంలో లేచి నిలబడి మొత్తం విప్పి చెప్పాను. చాలామంది నవ్వారు, ఒకరిద్దరు నిట్టూర్చారు. ముందు వరుసలోని పెద్దావిడ మాత్రం గంభీరంగా, "అయితే ఆ వంద కిలోమీటర్ల ప్లేట్లు కూడా అబద్ధమేనా?" అని అడిగారు. అది నిజమేనండీ అన్నాను. ఆవిడ నమ్మినట్టు లేదు. ఒకసారి పోయిన పేరు అంత తొందరగా రాదు మరి.

ఆ నెల నుంచి శనివారం మధ్యాహ్నాలు భాయ్ షెడ్డు ముందు చాయ్ తాగడం అలవాటైంది. ఆయన అడిగే ప్రశ్నలు ఏ పరీక్షా పేపర్లోనూ రావు. మనమున్న నేలంతా ఉత్తరానికి జరుగుతుంటే, పక్కింటాయన తన గోడ జానెడు ఇవతలికి జరిపాడని తానెలా నిరూపించాలి అని ఒకరోజు అడిగారు. గోడా, పక్కింటాయనా, మనమూ అందరం కలిసే జరుగుతామని చెప్పాను. ఆయనకు నిరాశగా ఉంది. ఇంకోసారి, "ఇంత బరువును నూకుతున్నదెవ్వరు మేడమ్?" అని అడిగారు.

ఇరవై రెండేళ్లలో నన్ను ఎవరూ అది అడగలేదు. లోపలి వేడికి కదులుతాయి అని ఒక వాక్యం చెప్పి ముందుకు పోయేదాన్ని. ఆయనకా వాక్యం చాలలేదు. కాలేజీలో చెప్పే స్నేహితురాలి దగ్గర లావుపాటి పుస్తకం తెచ్చి వారం రోజులు చదివాను. చదివి శనివారం కిందికి దిగాను.

"సముద్రం అడుగున పలక చల్లబడి బరువెక్కుతుంది భాయ్. అంచు దగ్గర అది లోపలికి దిగిపోతుంది. దిగేది వెనకున్నదాన్ని లాగుతుంది. ఇంకోచోట సముద్రం అడుగున కొత్త రాయి పుడుతూ వెనక నుంచి తోస్తుంది. మన పలక విషయంలో తోపుడెంత, లాగుడెంత అన్నది పెద్ద పెద్దవాళ్లే ఇంకా వాదించుకుంటున్నారు. నాకూ తెలియదు."

"బరువుతోని లాగుతదా? గదెట్ల?"

చూపిస్తానన్నాను. ఆయన భుజం మీది తువ్వాలు తడిపి, చిన్న బల్ల మీద పరిచి, ఒక చివర అంచు నుంచి కిందికి వదిలాను. కదల్లేదు. ఇంకొంచెం వదిలాను. కదల్లేదు. తడి బట్ట బల్లకు అంటుకుపోయింది. భాయ్ వంగి, కళ్లు చిట్లించి చూస్తున్నారు. "ఇంకింత ఇడువుండ్రి" అన్నారు. వదిలాను. సరసరా తువ్వాలు మొత్తం జారింది. దాని మీద మేమిద్దరం మరిచిపోయి పెట్టిన చాయ్ కప్పులు కూడా, సాసర్లతో సహా, దానితో పాటే వెళ్లాయి.

భాయ్ ఆ పెంకుల వైపు చూస్తూ, "సమజైంది మేడమ్" అన్నారు, చాలా తృప్తిగా.

వాళ్లావిడ బయటికి వచ్చి పెంకులను చూసింది, ఇద్దరినీ చూసింది. లోపలికి వెళ్లి మళ్లీ చాయ్ పోసి తెచ్చింది.

"ఇగ మీ సదువులు స్టీలు గిలాసలతోని జేస్కోండ్రి" అని ఇద్దరి చేతుల్లో రెండు పెట్టి పోయింది.